కాలవ గట్టు పుదీనా

ఆ రోజు పొద్దున కత్తెరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పుదీనా తీగలు వేన్నీళ్లలో ముంచాలి, తీయాలి, ముక్కలు కోయాలి, సాయంత్రం కాలవలోకి నీళ్లు వచ్చేలోగా నేల చెక్క మొత్తం నాటెయ్యాలి. అంతే. ఇందులో ఇంట్లోవాళ్లెవరూ వేలు పెట్టకపోతే చాలు. ఇంట్లోవాళ్లు వేలు పెట్టని పని ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందా అని ఆమె ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.

కత్తెరమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఆమె బట్టలు కుడుతుంది. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఒకటి. చేతిలోది అప్పుడప్పుడూ మొద్దుబారేది. పెళ్లయిన నాటి నుంచి మిషను తొక్కీ తొక్కీ ఈ మధ్య ఆమెకు సూదీ కనబడటం లేదు, దారమూ కనబడటం లేదు. అద్దాలు మార్చింది, దీపం మార్చింది, చివరికి బతుకుతెరువే మార్చాలని తేల్చుకుంది.

కాలవ గట్టు కింద నీటి సంఘానిది ఒక నేల చెక్క ఉంది. కిందటేడు దాన్ని కౌలుకు తీసుకుని, ఒక మూల మడిలో నూనె తీసే రకం పుదీనా తల్లిమొక్కలు పెంచింది. ఈ ఏడు ఆ మడిలోంచి తీగలు తీసి చెక్కంతా పరచాలి. సంఘం నిబంధన ఒక్కటే: కాలవకు నీళ్లు వదిలే సాయంత్రానికి చెక్క నాలుగు మూలలా, మట్టి కింద, బతికున్న నాటు ఉండాలి. ఉంటే కౌలు సాగుతుంది. లేకపోతే అడిగి కూర్చున్న మరొకరికి పోతుంది.

అడిగి కూర్చున్నది బయటివాడు కాదు, సాక్షాత్తూ మరిది. పక్క స్థలంలో అతనిది ఇటుకల వ్యాపారం. పేర్చుకోవడానికి చోటు చాలడం లేదట. ఖాళీ నేల కనబడితే చాలు, దాని నెత్తిన ఏదో ఒకటి పేర్చాలని చేతులు దురద పెట్టే జాతి ఒకటి ఉంటుంది. అతను ఆ జాతికి నాయకుడు.

పుదీనాకు విత్తనం జల్లరు. మట్టి కింద తెల్లగా పాకే తీగలను తవ్వి తీసి, వేలెడు ముక్కలు కోసి, చాళ్లలో పడుకోబెట్టి మట్టి కప్పుతారు. ప్రతి కణుపూ ఒక మొక్క అవుతుంది. ఒకటే భయం, తుప్పు తెగులు. ఆకు వెనక నారింజ రంగు పొడి పట్టిందంటే పంట పోయినట్టే. అందుకని నాటేముందు తీగలను చెయ్యి కాలీ కాలనంత వేడి నీళ్లలో కాసేపు ముంచి, వెంటనే చన్నీళ్లలోకి తీస్తారు. వేడి తగ్గితే తెగులు చావదు. పెరిగితే మొక్క చస్తుంది. మధ్యనున్న ఆ సన్నటి దారం మీద నడవాలి.

కత్తెరమ్మ మడిలో సగం తవ్వి తెచ్చింది. తీగలను కట్టలు కట్టి, ప్రతి కట్టకూ ఒక ఎర్ర గుడ్డ పీలిక ముడి వేసి, పెరట్లో స్నానాల డ్రమ్ములోకి దించింది. కింద మంట తీసేసి నిప్పులు మాత్రం ఉంచింది. ముంజేయి ముంచి చూసింది. సరిగ్గా ఉంది.

"ఏమండీ, ఇలా రండి. ఇక్కడ కూర్చోండి. నేను కొట్టుకెళ్లి పెద్ద కత్తెర తెచ్చుకుంటా. నేను వచ్చేదాకా డ్రమ్ము మీంచి కళ్లు తియ్యకండి. చల్లారితే మళ్లీ కాచి ముంచుకోవచ్చు. మంట మాత్రం పెట్టకండి."

"నేను బస్సు నడిపేవాణ్ణి. డ్రమ్ముని చూసుకోలేనా?" అన్నాడు భర్త. అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. ఆమె వీధి మలుపు తిరక్కముందే గోడకు ఆనుకుని గుర్రు పెట్టాడు.

అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చింది. డ్రమ్ము మీద మూత ఉంది. కింద చూస్తే నిప్పులు. కొడుకు చూస్తే నిద్ర. "ముసలిదానికి ఇన్ని వేన్నీళ్లు కాచే దిక్కు కూడా లేదు ఈ కొంపలో" అని, ఉన్న కట్టెలన్నీ లోపలికి తోసి, గొట్టంతో ఊది, భగ్గుమనిపించింది.

కత్తెరమ్మ తిరిగొచ్చేసరికి వీధి మొదట్లోనే వాసన తగిలింది. మంచి వాసన. పరుగున వచ్చి మూత లాగింది. లోపల నీళ్లు కుతకుతలాడుతున్నాయి. దూది వత్తుల్లా ఉండాల్సిన తీగలు నానిన తాడులా గోధుమరంగులో తేలుతున్నాయి. ఒకటి తీసి పట్టుకుంది. వేళ్ల మధ్య జారి రెండు ముక్కలైంది.

"ఎవరు?" అంది. అంతే అంది.

భర్త లేచి కూర్చున్నాడు. అత్తగారు తువ్వాలు సర్దుకుంది.

"నాకేం తెలుసే అమ్మాయ్, మనుషులు స్నానం చేసే డ్రమ్ములో నువ్వు మొక్కలకి స్నానం చేయిస్తావని?"

అరిచే తీరిక కూడా కత్తెరమ్మకు లేదు. సాయంత్రానికి నీళ్లు వస్తున్నాయి. "మడిలో ఇంకో సగం ఉంది" అంది భర్తతో. "వచ్చే ఏటికని ఉంచాను. అది కూడా తవ్వేద్దాం. ముక్కలు చిన్నవి చేస్తే నాలుగు మూలలకీ సరిపెట్టచ్చు. మీ తమ్ముడికి మాత్రం ఈ సంగతి తెలియకూడదు. తెలిసిందా, ఆ మడిని ఉంచడు."

"వదినా! ఏంటీ వాసన?" అంటూ అప్పుడే తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు.

భర్త మంచివాడే. అబద్ధం ఆడటం మాత్రం రాదు. రానివాడు ఆడే అబద్ధం బ్రేకుల్లేని బస్సు లాంటిది. "అమ్మకి దగ్గురా!" అన్నాడు. "పుదీనా కషాయం కాస్తున్నాం."

అందరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, పెద్ద కొడుకు కళ్లలోని వేడుకోలు చూసి, దగ్గింది. మొదటి దగ్గు మామూలుగానే ఉంది. రెండోది కుదిరింది. మూడో దానికి ఆవిడ గోడ పట్టుకుంది. ఈ ఇంట్లో తన దగ్గును ఇంతమంది నిలబడి వినడం ఆవిడకు ఇదే మొదటిసారి. మరి ఆపలేదు.

మరిది ముఖం పాలిపోయింది. ఇటుకలంటే ఎంత ప్రేమో తల్లన్నా అతనికి అంతే. "ఇంత దగ్గు పెట్టుకుని నాకు కబురు చెయ్యరా? వదినా, మీకు మనసుందా అసలు?" అని వచ్చిన కాళ్లతోనే బయటికి పరిగెత్తాడు.

కత్తెరమ్మ భర్తను పెరటి తలుపులోంచి బయటికి నెట్టింది. "గడ్డపార తీసుకుని చెక్కలోకి వెళ్లండి. తవ్వడం మొదలెట్టండి. నేను వీణ్ణి వదిలించుకుని వస్తా."

వదిలించుకోవడం కుదరలేదు. మరిది కాంపౌండరును వెంటబెట్టుకుని వచ్చాడు. సందు చివర ఆసుపత్రిలో డాక్టరు ఎప్పుడూ ఉండడు కనుక వీధికి అతనే డాక్టరు. అతను అత్తగారి వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు, డ్రమ్ము చూశాడు, కత్తెరమ్మను చూశాడు.

"ఒక్కావిడకి ఇంత కషాయమా?"

అత్తగారికి ఉత్సాహం వచ్చేసింది. "నా ఒక్కదానికే ఏంటి నాయనా, అందరికీ! ఈ దగ్గు అలాంటిది!"

"అందరికీనా?" కాంపౌండరు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అంటే అంటుకునేదా?"

"అయ్యో, అంటుకుంటుంది మరి!" అంది ఆవిడ ధీమాగా. తన దగ్గు చిన్నదని ఎవరనుకున్నా ఆవిడ ఒప్పుకునేలా లేదు.

కాంపౌండరు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని, పెరటి తలుపుకు బయటి నుంచి గడియ పెట్టి, గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "ఈ ఇంట్లోంచి ఎవరూ బయటికి కదలడానికి లేదు. పై వాళ్లకి ఫోను చేస్తాను. వాళ్లు వచ్చి చూసేదాకా ఇంతే." తాళం వేసే అధికారం ఇవ్వక్కర్లేదు, గేటు చూపిస్తే చాలు, కొందరు మనుషులు అక్కడికక్కడ పెద్ద ఆఫీసర్లైపోతారు.

"నాకు పనుందయ్యా! పొలం పని!" అంది కత్తెరమ్మ.

"ప్రాణం కంటే పొలం ఎక్కువామ్మా?"

"నా ప్రాణమే అక్కడుంది!"

ఈలోగా మాట గోడ దాటింది. అంటుకునే దగ్గు, దానికి మందు డ్రమ్ముడు, అదీ ఉచితం. వీధి వీధంతా చెంబులతో గేటు ముందు వరస కట్టింది. లోపలివాళ్లు బయటికి రాకూడదన్నాడు గానీ, మందు బయటికి పోకూడదని కాంపౌండరు అనలేదు. పైగా మొదటి చెంబు తనకే కావాలన్నాడు. అత్తగారు ముంచి గోడ మీంచి అందిస్తోంది. మధ్య మధ్య దగ్గుతోంది. ప్రతి చెంబుతో కత్తెరమ్మ ఏడాది కష్టం గోడ దాటి పోతోంది.

"అమ్మకి నేను పట్టిస్తా" అని మరిది చెంబు తీసుకుని డ్రమ్ములో ముంచాడు. చెంబుకు ఏదో తగులుకుంది. పైకి లాగాడు. ఉడికిపోయిన తీగల కట్ట, దానికి ఎర్ర గుడ్డ పీలిక. అతను దాన్ని చూశాడు. ఈ వీధిలో గుడ్డ పీలికలతో కట్టలు కట్టేది ఎవరో అతనికి తెలియదా? తీగలు తెచ్చిన ఖాళీ గోనెలు చూశాడు. వదిన ముఖం చూశాడు. మెల్లగా కట్టను నీళ్లలోకి జారవిడిచాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు కొంచెం నయంగా ఉండేది.

"వదినా" అన్నాడు చాలా మర్యాదగా. "మీరు అమ్మని చూసుకోండి. చెక్క సంగతి నేను చూసుకుంటా."

"ఆగు! నువ్వు కూడా ఇంట్లోవాడివే! కాంపౌండరూ, వాణ్ణి ఆపు!"

"ఆయన నన్ను పిలవడానికి వచ్చినాయన కదమ్మా" అన్నాడు కాంపౌండరు, మరిదికి గేటు తీస్తూ. "ఆయనకెందుకు అంటుకుంటుంది?"

ఇటుకల స్థలంలో ట్రాక్టరు ఉంది. దానికి దున్నే డిస్కులు తగిలిస్తే ఆ చిన్న మడి ఎంతసేపు నిలుస్తుంది? భర్త ఒక్కడే అక్కడున్నాడు. ఆయన ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. మరి కాసేపు అయితే నేల పోతుంది, మిషనే మిగులుతుంది, ఆ మిషను మీద కళ్లు కూడా పోతాయి. ఆమె గోడ దగ్గరికి వెళ్లి, తాగుతున్నవాళ్లందరికీ వినబడేలా అరిచింది.

"దగ్గూ లేదు, గిగ్గూ లేదు! మా అత్తయ్య నా మొక్కలు ఉడకబెట్టింది! మీరు తాగుతున్నది మందు కాదు, నా కౌలు! ఆవిడకి జబ్బయితే నన్ను కొయ్యండి! గేటు తియ్యవయ్యా!"

కాంపౌండరు చెంబు దించాడు. అందరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ ఇంకోసారి దగ్గబోయి, కోడలి కళ్లు చూసి, మింగేసింది.

గేటు తెరుచుకుంది. కత్తెరమ్మ చెప్పులు కూడా వేసుకోలేదు. వెనకాలే అత్తగారు ఉడికిన తీగలు నింపిన గోనె ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చింది. తప్పు చేసినవాళ్ల కాళ్లకు ఎక్కడ లేని బలం వస్తుంది.

"అమ్మాయ్! ఆగవే! ఇవే పాతేద్దాం! మట్టిలో పెట్టాక ఉడికిందో పచ్చిదో ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది అత్తయ్యా. కోతకొచ్చేసరికి నేలక్కూడా తెలుస్తుంది. ఆ గోనె అక్కడ పడేసి రండి."

గట్టెక్కి చూసేసరికి అంతా అయిపోయింది. పొద్దున చాళ్లు తీసి ఉంచిన నేల తిరగబడి ఉంది. మూల మడి లేదు. పచ్చటి ముక్క ఒక్కటైనా మిగల్లేదు. ట్రాక్టరు పక్క స్థలంలోకి తిరిగి వెళ్లి, డ్రైవరు డిస్కులకు చుట్టుకున్న పీచు కర్రతో గీకి ఇటుకల మధ్య పడేస్తున్నాడు. చెక్క మధ్యలో భర్త నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. సంతోషంగా ఊపుతున్నాడు.

"ఏమోయ్! నువ్వు పంపిన ట్రాక్టరు పని భలేగా చేసిందోయ్!"

"నేను పంపానా?"

"డ్రైవరు చెప్పాడుగా, వదినగారు పంపారు, మడితో సహా నేలంతా తిరగెయ్యమన్నారు అని. నువ్వు పద్ధతి మార్చావేమో అనుకున్నా. ఒకసారి తిప్పి పోతానన్నాడు. నేను ఊరుకుంటానా? దగ్గరుండి అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి, నాలుగు మూలలకీ తిప్పించా. మడి దగ్గర దుబ్బులు డిస్కులకి చుట్టుకుంటే ఆపబోయాడు. ఆపకు, ఈడ్చుకు పో అన్నా!"

కత్తెరమ్మ గట్టు మీద కూలబడింది. ఈ మనిషిని తిట్టడానికి ఒక భాష చాలదు. ఆమెకు వచ్చింది ఒక్కటే. అందుకని ఊరుకుంది.

అవతలి గట్టు మీద మరిది తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డాడు. వెంట నీటి సంఘం అధ్యక్షుడు, ఆయన వెనక నలుగురు సభ్యులు. అధ్యక్షుడు సన్నటి మనిషి. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక చిన్న తవ్వుకోల ఉంటుంది. నిబంధన అంటే ఆయనకు ఆకలి, నిద్ర రెండూ గుర్తుకు రావు.

"చూశారా అధ్యక్షా" అన్నాడు మరిది. "ఒక్క మొక్క లేదు. పాపం వదిన తీగలు పొద్దున్నే ఉడికిపోయాయి. ఇక నేలెందుకు ఖాళీగా పడుండటం? ఇటుకలకి రాయించెయ్యండి."

"ఏమ్మా, నిజమేనా?" అడిగాడు అధ్యక్షుడు.

కత్తెరమ్మ తల దించుకుంది. దించుకున్న చోట, కాలి బొటనవేలి పక్కన, మట్టిలోంచి తెల్లగా ఏదో పొడుచుకొచ్చి ఉంది. లాగింది. వేలెడు తీగ ముక్క. రెండు చివర్లా డిస్కు అంచుకు నున్నగా తెగి ఉంది. మధ్యలో కణుపు, కణుపు మీద మొటిమంత మొలక. పక్కన గోకింది. ఇంకోటి. ఆమె పెద్ద కత్తెరతో కోసినా ముక్క సరిగ్గా అంతే ఉండేది.

లేచి నిలబడింది.

"నిబంధన ఏంటి అధ్యక్షా?"

"నాలుగు మూలలా, మట్టి కింద, బతికున్న నాటు."

"అయితే మరిది మాటెందుకు? తవ్వి చూడండి."

అధ్యక్షుడు మొదటి మూల తవ్వాడు. తెల్లటి ముక్కలు రెండు. విరిచి చూశాడు. లోపల తడి. వాసన చూశాడు, తల ఊపాడు. రెండో మూల. ఉన్నాయి. మూడో మూల తల్లిమడి ఉన్న చోటు. తవ్వుకోల దిగితే చాలు, గుత్తులు గుత్తులుగా వచ్చాయి. మరిది ముఖంలో రంగు మారడం మొదలైంది.

నాలుగో మూల గట్టు వంపులో ఉంది. అధ్యక్షుడు తవ్వాడు. మట్టి. ఇంకొంచెం తవ్వాడు. మట్టి. కాలవ పైనుంచి నీళ్లు వస్తున్న చప్పుడు వినబడుతోంది.

"ఇక్కడ లేదమ్మా" అన్నాడు.

"ట్రాక్టరు ఇక్కడిదాకా వచ్చిందండీ!" అన్నాడు భర్త. జీవితంలో మొదటిసారి గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. "వంపులో చక్రం జారుతుందన్నాడు. నేనే వెనక నిలబడి, రైట్, రైట్ అని తిప్పించా. ఇదిగో, టైరు ఆగింది ఇక్కడ. మీరు తవ్వింది బయట!"

అధ్యక్షుడు టైరు అచ్చు చూశాడు, ఒక జానెడు ఇవతలికి జరిగాడు, తవ్వుకోల దించాడు. తెల్లటి ముక్క ఒకటి తవ్వుకోల అంచు మీద వేలాడుతూ పైకొచ్చింది. ఒక్కటే. బతికే ఉంది.

"నాలుగు మూలలా ఉంది" అన్నాడు. "కొంచెం పల్చగా ఉంది గానీ, పల్చన అన్న మాట నిబంధనలో లేదు."

"అన్యాయం!" అన్నాడు మరిది. "అది ఆవిడ నాటింది కాదు! ట్రాక్టరు నాది! ఆ మడిని తుడిచిపెట్టమని నేనే..."

ఆగిపోయాడు.

"పూర్తి చెయ్యి నాయనా" అంది కత్తెరమ్మ. "ఏం చెయ్యమని?"

అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకున్నాడు. "అంటే ఈ నాటు నువ్వు వేశానంటావు."

మరిది కళ్లు మిలమిలలాడాయి. "అవును! అవునండీ! నాటింది నేనే. అంటే కౌలు నాకే!"

భర్త కత్తెరమ్మ చెయ్యి పట్టుకున్నాడు. సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అధ్యక్షుడు మాత్రం ప్రశాంతంగా మట్టి దులుపుకున్నాడు.

"సరే. నాటినవాడిదే చెక్క. పుదీనా కోతలన్నీ అయ్యేదాకా నువ్వే తడి పెట్టాలి, నువ్వే కలుపు తియ్యాలి. నేల మీద మరేదీ పెట్టడానికి లేదు."

"ఇటుకలు?"

"ఒక్క ఇటుక కూడా. పంట ఎండబెట్టావంటే ఇటుకల మట్టి తడుపుకోవడానికి నీ స్థలానికిచ్చే నీళ్లు కూడా ఆపేస్తాం. నిబంధన."

మరిది చెక్కను చూశాడు. తన ఇటుకల స్థలాన్ని చూశాడు. వంగి కలుపు తీయడం తెల్ల చొక్కాకు కుదరదు.

"నాటింది వదినే" అన్నాడు.

"గట్టిగా చెప్పు. వెనక సభ్యులకి వినబడాలి."

"నాటింది వదినేనండీ! నేను ట్రాక్టరు సాయం చేశానంతే!"

"చిన్నోడు ఎంత మంచివాడే అమ్మాయ్" అంది అప్పుడే రొప్పుతూ గట్టెక్కిన అత్తగారు.

నీళ్లు వచ్చాయి. కత్తెరమ్మ మోకాలి లోతు బురదలో దిగి నీళ్లు చెక్కలోకి మళ్లేలా తానే మడవ కట్టింది. వేన్నీళ్లు తగలని తీగలు, తుప్పు తెగులు వస్తుందేమో అన్న బెంగ ఆమెకు పోలేదు. ఆకు ఆకూ తిరగేసి చూసుకోవాలి, ఆ కళ్లతోనే చూసుకోవాలి. అయినా సూది బెజ్జం కంటే ఆకు పెద్దది.

పుదీనా చెక్క నిండా మొలిచింది. కాస్త ఆలస్యంగా, డిస్కులు గీకి పడేసిన పక్క స్థలంలో ఇటుకల సందుల్లోంచి కూడా మొలిచింది. కత్తెరమ్మ పీకించుకోమంది. భర్త మందు కొట్టించుకోమన్నాడు. దున్నించెయ్యమని మాత్రం మరిదికి ఎవరూ సలహా ఇవ్వలేదు.